చిన్న లాప్‌టాప్‌లో రెండవ ఆపరేటింగ్ సిస్టమ్: ఒక విమర్శ

పట్టణాలలో గదులు చాలని పాఠశాలలు షిఫ్టు పద్ధతిలో నడవడం చాలామంది ఎరిగినదే. ఉదయం ఒక బడి, మధ్యాహ్నం మరొక బడి. గదులు అవే, బెంచీలు అవే, నల్లబల్లలు అవే. ఒక బడి వదిలిన తరువాతనే రెండవ బడి గంట మోగుతుంది. అయితే ఏ బడి హాజరుపట్టీలు, జవాబు పత్రాలు ఆ బడి బీరువాలోనే భద్రంగా ఉండవలెను గనుక బీరువాలు మాత్రం రెండు కావలెను. భవనం చిన్నదైనప్పుడు తరగతులు జరపడంలో చిక్కు రాదు; రెండవ బీరువా ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. ఒకే లాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను నిలపడం సరిగా ఇటువంటి ఏర్పాటే.

ఈ ఏర్పాటును గురించిన చర్చ ఈ మధ్య పెరగడానికి కారణం కలదు. 2015లో వెలువడిన విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు ఇవ్వడాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించింది. పేరు నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు ప్రకటించిన పొడిగింపుకు 2026 అక్టోబరు 13 గడువు. దాని తరువాతిదైన విండోస్ 11 2021లో వచ్చింది. దానికి 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్‌కు అనువైన ఫర్మ్‌వేర్, సంస్థ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండవలెనని నిబంధన. 2017కు పూర్వం తయారైన లాప్‌టాప్‌లు చాలామట్టుకు ఈ పరీక్షలో తప్పుతవి. యంత్రం పనిచేస్తూనే ఉన్నది, తెర వెలుగుతున్నది; అయినా దానికి కాలం చెల్లిందంటున్నారు. అటువంటి యంత్రం గల ఉపాధ్యాయునికి, విద్యార్థికి తరచుగా దొరికే సలహా ఒక్కటే: విండోస్‌ను ఉండనిచ్చి పక్కన లినక్స్ వేసుకోండి.

సలహా చెడ్డది కాదు. లినక్స్ ఉచితంగా లభిస్తుంది, పాత యంత్రాలపై దయ గలది, దాని సవరణలు ఆగవు. ఇక్కడ పరిశీలించదలచినది వేరు. ఆ సలహాను అమలు చేయడానికి ఇస్తున్న పనిముట్లు, అనగా ఇన్‌స్టాలర్లు, వాటితోపాటు వచ్చే ప్రకటనలు, చిన్న యంత్రం గల మనిషిని ఎంతవరకు దృష్టిలో పెట్టుకొని తయారైనవి? ముందుగానే చెప్పవలెనంటే ఇవి మూడు చోట్ల విమర్శకు గురి అవుతవి. తేలిక అని చెప్పుకునే చోట కొలవవలసినదాన్ని కొలవడం లేదు. ప్రమాదమున్న చోట హెచ్చరిక చాలడం లేదు. నిజంగా మెచ్చుకోదగిన సౌకర్యమేదో అది ముందుపీటకు రావడం లేదు.

పంచుకునేది, పంచుకోనిది

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రంలోని ప్రాసెసరును, మెమరీని, డిస్కును, తెరను, కీబోర్డును అజమాయిషీ చేసే మూల ప్రోగ్రాము. మిగిలిన ప్రోగ్రాములన్నీ దాని అనుమతితోనే పనిచేస్తవి. లాప్‌టాప్‌ను వెలిగించినప్పుడు ఈ రెండింటిలో ఏది కావాలో ఒక చిన్న జాబితా అడుగుతుంది. లినక్స్ రకాలలో చాలావాటికి ఈ పని చేసే ప్రోగ్రాము పేరు గ్రబ్. ఒకదాన్ని ఎంచుకున్న క్షణం నుండి యంత్రంలోని మెమరీ అంతా దానిదే. రెండవది డిస్కు మీద నిద్రించే ఫైళ్ల కట్ట మాత్రమే.

కనుక రెండు సిస్టమ్‌లు వేస్తే లాప్‌టాప్ నెమ్మదిస్తుందన్న భయం సరి అయినది కాదు. 4 జీబీ మెమరీ రెండుగా చీలి చెరి 2 జీబీ కాదు. ఒక సిస్టమ్ లోపల రెండవదాన్ని కిటికీలో నడిపే వర్చువల్ మెషీన్ పద్ధతిలో మాత్రమే అట్లా చీలుతుంది. అది ఒకే గదిలో ఒకే సమయాన రెండు తరగతులు నడపడం వంటిది. 4 జీబీ యంత్రంలో ఆ పద్ధతిని ఎంచుకోకపోవడమే మేలు.

శాశ్వతంగా చీలేది డిస్కు. దానిని పార్టిషన్లు అనే భాగాలుగా విడగొట్టి ఒక్కొక్క సిస్టమ్‌కు ఒక్కొక్క భాగం ఇస్తారు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1983లో ఐబీఎం సంస్థ 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో ఎక్స్‌టీ అనే పీసీని తెచ్చినప్పుడు, దానితో వచ్చిన డాస్ 2.0 ఆ డిస్కును నాలుగు భాగాల వరకు విడగొట్టనిచ్చింది. వేరువేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకే డిస్కును పంచుకోవడం ఆ ఏర్పాటు ఉద్దేశాలలో ఒకటి. ఈనాడు ఫోనులో తీసిన రెండు మూడు ఫొటోలు కూడా పట్టనంత చిన్న డిస్కు అది. చిన్న యంత్రంలో రెండు కాపురాలు పెట్టాలన్న కోరిక నలభై ఏళ్లకు పైబడినదన్నమాట.

తేలిక అనే మాట

లినక్స్‌లో అనేక రకాలు ఉన్నవి. వాటిలో లుబుంటు, జుబుంటు, యాంటీఎక్స్, పప్పీ వంటివి తేలిక రకాలుగా పేరు పడ్డవి. ఈ పేరు అబద్ధం కాదు. కిటికీల అలంకారాలు తగ్గించి, వెనుక నడిచే సహాయక ప్రోగ్రాములను తగ్గించి, ఇవి యంత్రాన్ని వెలిగించిన వెంటనే తక్కువ మెమరీతో నిలుస్తవి. కాని ఈ కొలత ఎప్పుడు తీసుకున్నది? ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్నప్పుడు. బండి బరువును మనుషులు ఎక్కకముందు తూచి, ఎద్దులకు శ్రమ లేదని చెప్పడం వంటిది ఇది.

విద్యార్థి యంత్రాన్ని వెలిగించేది ఖాళీ తెరను చూడడానికి కాదు. బ్రౌజర్ తెరుస్తాడు, అందులో వీడియో పాఠం ఒకటి, ఉత్తరాల పేజీ ఒకటి, పాఠ్యపుస్తకం ఒకటి తెరుస్తాడు. నేటి బ్రౌజర్‌లో ఒక్కొక్క బరువైన పేజీ కొన్ని వందల మెగాబైట్ల మెమరీ తీసుకోగలదు. ఆ బ్రౌజర్ విండోస్‌లో ఎంత తింటుందో తేలిక లినక్స్‌లోనూ దాదాపు అంతే తింటుంది. సిస్టమ్ మార్చడం వల్ల మిగిలేది సిస్టమ్ తన కొరకు వాడుకునే మెమరీలో తేడా మాత్రమే. 2 జీబీ యంత్రంలో ఆ తేడా ప్రాణం నిలిపేంతటిది. 4 జీబీ యంత్రంలో ఉపయోగకరమైనది. 8 జీబీ యంత్రంలో గుర్తించడమే కష్టం. తేలిక అని ప్రకటించేవారు ఈ వివేచనను వదిలి, ఏ పాత యంత్రానికైనా కొత్త ఊపిరి పోస్తామని ఒకే మాట అనడం విద్యార్థిని తప్పుదోవ పట్టిస్తుంది.

మెమరీ చాలనప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకుంటే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. అప్పుడు సిస్టమ్ కొంత సమాచారాన్ని డిస్కులో స్వాప్ అనే చోటికి దింపుతుంది. మెమరీ నుండి సమాచారం అందడానికి సుమారు సెకనులో కోటవ వంతు పడితే, తిరిగే పళ్లెం గల పాత హార్డ్ డిస్కు నుండి అందడానికి సుమారు నూరవ వంతు పడుతుంది. అనగా లక్ష రెట్ల ఆలస్యం. కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీలో ఆ ఆలస్యం వేయి రెట్లకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి హార్డ్ డిస్కు గల పాత లాప్‌టాప్‌కు సిస్టమ్ మార్చడం కంటె డిస్కును ఎస్ఎస్‌డీగా మార్చడమే తరచుగా ఎక్కువ మేలు చేస్తుంది. తేలిక రకాల ప్రకటనలలో మొదటి వాక్యంగా ఉండవలసినది ఇది. అది వారి సరుకు కాదు గనుక కాబోలు, అక్కడ కనిపించడం అరుదు.

ప్రాసెసరు వయసు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 32 బిట్ల ప్రాసెసర్లు గల యంత్రాలకు దారి మూసుకుపోతున్నది. ఎన్నో లినక్స్ రకాలకు మూలమైన డెబియన్, 2025 ఆగస్టులో విడుదలైన తన 13వ సంచిక నుండి అటువంటి యంత్రాలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానివేసింది. పాత యంత్రాలకు లినక్స్ శరణ్యమనే మాటకు కూడా ఒక హద్దు ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది.

బీరువా లెక్క

డిస్కు సంగతికి వస్తే, లెక్క చేయకుండా అడుగు వేయరాదు. మొదట ఒక చిన్న చిక్కు విప్పవలసి ఉన్నది. డిస్కు తయారీదారులు 1 జీబీ అంటే 1,00,00,00,000 బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ 2ను 30 సార్లు హెచ్చించగా వచ్చే 1,07,37,41,824 బైట్లను 1 జీబీగా చూపుతుంది. అందుచేత పెట్టె మీద 128 అని ఉన్న డిస్కు తెర మీద 119గా, 64 అని ఉన్నది 59గా, 32 అని ఉన్నది 29గా కనిపిస్తుంది. దుకాణదారు మోసం చేయలేదు, కొలపాత్రలు రెండు.

ఇక అవసరాలు. లినక్స్ మింట్ 22వ సంచిక, 2024లో వచ్చినది, కనీసం 2 జీబీ మెమరీ, 20 జీబీ డిస్కు కావాలని, హాయిగా వాడడానికి 4 జీబీ మెమరీ, 100 జీబీ డిస్కు మంచిదని చెబుతుంది. అదే సంవత్సరం వచ్చిన ఉబుంటు 24.04 4 జీబీ మెమరీ, 25 జీబీ డిస్కు అడుగుతుంది. కనిష్ఠానికి, సౌకర్యానికి మధ్య అయిదు రెట్ల తేడా ఉన్నప్పుడు మధ్యలో ఉన్నవాడు ఎక్కడ నిలవాలి? 20 జీబీలో ఏమి పడుతుంది, 40లో ఏమి పడుతుంది, ఏది ఎన్ని నెలలకు నిండుతుంది అన్న వివరణ చిన్న యంత్రం గలవానికే అత్యవసరం. సరిగా అదే కొరవడింది.

20 జీబీ భాగం త్వరలోనే నిండడానికి కారణాలు ఉన్నవి. సవరణ వచ్చినప్పుడల్లా పాత మూల ప్రోగ్రాము ఒకటి రెండు సంచికలు భద్రత కొరకు మిగిలి ఉంటవి. ఫ్లాట్‌పాక్, స్నాప్ అనే పద్ధతులలో వచ్చే ప్రోగ్రాములు తమకు కావలసిన సామగ్రిని తామే మోసుకొని వస్తవి గనుక చోటు ఎక్కువ పట్టుతవి. మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ అనే సాధనం సిస్టమ్ పూర్వస్థితి నకళ్లను దాచి, చెడినప్పుడు వెనక్కు తెస్తుంది. సాధనం మెచ్చుకోదగినదే. కాని నకళ్లను అదే చిన్న భాగంలో దాచితే, కాపాడవలసినదే చోటును మింగివేస్తుంది.

రెండవ పక్షం కూడా తక్కువ తిండిది కాదు. విండోస్ 10 2019 సంచిక నుండి కొత్త యంత్రాలకు 32 జీబీ డిస్కు కనీసమని నిర్ణయించి, సవరణల కొరకు సుమారు 7 జీబీని ముందే వేరు పెట్టుకోసాగింది. ఇప్పుడు కూడిక సులభం. 32 జీబీ యంత్రంలో తెర మీద కనిపించే 29 జీబీ ఒక్క విండోస్‌కే చాలదు. అక్కడ రెండవ సిస్టమ్ మాట ఎత్తరాదు. 64 జీబీలో రెండూ ఇరుకున పడి, ఏదో ఒకదాని సవరణలు చోటు లేక ఆగిపోతవి. సవరణలు ఆగకూడదనే కదా ఈ ప్రయత్నమంతా! 128 జీబీలో లినక్స్‌కు 40 ఇస్తే విండోస్‌కు 79 మిగులుతుంది. సొంత ఫైళ్లు మితంగా ఉన్నవారికి ఇది సాగుతుంది. 256 జీబీ ఉన్నవారు చోటును గురించి చింతించవలసిన పని లేదు.

హెచ్చరిక చాలని చోట

ఇన్‌స్టాలర్ పనిలో అతి ముఖ్యమైన ఘట్టం డిస్కును ఏమి చేయాలని అడిగే పేజీ. అక్కడ సాధారణంగా ఒకదాని కింద ఒకటిగా ఎంపికలు కనిపిస్తవి: ఉన్న విండోస్ పక్కన స్థాపించు, డిస్కును పూర్తిగా చెరిపి స్థాపించు, భాగాలను స్వయంగా ఏర్పరచుకో. ఒకటి సంవత్సరాల తరబడి చేర్చుకున్న ఫొటోలను, నోట్సును, మార్కుల పట్టికలను నిలిపేది. మరొకటి వాటిని తుడిచివేసేది. రెండింటి మధ్య దూరం తెర మీద ఒక వేలు వెడల్పు. రసాయన ప్రయోగశాలలో గాఢ ఆమ్లాన్ని, డిస్టిల్డ్ వాటర్‌ను ఒకే రకం సీసాలలో పక్కపక్కన ఉంచి చీటీ మాత్రం అంటిస్తే ఏ లెక్చరరైనా ఊరుకుంటాడా?

ఇన్‌స్టాలర్లు చెరిపేముందు మరొకసారి అడుగుతవన్న మాట నిజమే. అయితే ఆ ప్రశ్న డిస్కుకు ఉన్న సాంకేతిక నామంతో, భాగాల సంఖ్యలతో వస్తుంది. కొత్తవానికి అది అర్థం కాదు. అర్థం కానిదానికి అవును అనడం అలవాటు. మీ డిస్కులో ఇన్ని వేల ఫైళ్లు ఉన్నవి, అవి తిరిగి రావు, వేరొక చోట నకలు తీసుకున్నారా అని సూటిగా అడగడం అసాధ్యమేమీ కాదు.

పక్కన స్థాపించు అనేది సురక్షితమైన ఎంపిక. కాని అదీ నిరపాయం కాదు. విండోస్ భాగాన్ని ముందు కుదించవలసి ఉంటుంది. కుదించే సౌకర్యం 2007లో విస్టాతో విండోస్‌లోనే చేరింది. విండోస్ భాగాన్ని విండోస్ చేతనే కుదింపజేయడం ఉత్తమం. అప్పుడు ఒక వింత ఎదురవుతుంది: 60 జీబీ ఖాళీ ఉన్నా కొద్దిపాటి చోటు మాత్రమే కుదించగలనని అది చెబుతుంది. కదపరాని కొన్ని ఫైళ్లు డిస్కు మధ్యలో ఎక్కడో కూర్చొని ఉండడమే కారణం. అనేకులు ఇక్కడ ఓపిక నశించి రెండవ ఎంపికకు, అనగా చెరిపివేతకు, చేయి చాపుతారు.

మరి మూడు చిక్కులు ఉన్నవి. మొదటిది బిట్‌లాకర్. విండోస్ 11 గల చాలా యంత్రాలలో డిస్కు తనంతట తానే గూఢలిపిలో ఉంటుంది. బూట్ ఏర్పాటు మారినప్పుడు యంత్రం 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను అడగవచ్చు. అది ఎక్కడ దాచినదో తెలియని యజమానికి తన ఫైళ్లే తనకు దక్కవు. రెండవది 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్. యంత్రాన్ని ఆపినట్లు కనిపించినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో దాని భాగంలోని ఫైళ్లను లినక్స్ చదవనిస్తుంది గాని మార్చనివ్వదు. బలవంతంగా మార్చితే చెడిపోవచ్చు. ఉదయపు బడివారు బీరువా తెరిచిపెట్టి, ఇప్పుడే వస్తాం, ఏదీ కదపవద్దని వెళ్లినట్లే ఇది. మూడవది గడియారం. యంత్రంలోని గడియారాన్ని విండోస్ స్థానిక కాలంగా, లినక్స్ సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక కాలంగా భావిస్తవి. మన దేశంలో రెండింటికీ తేడా అయిదున్నర గంటలు. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే ఉదయం పది గంటలకు తెల్లవారుజాము నాలుగున్నర కనిపించవచ్చు. ఇది ఒక్క అమరికతో సరి అవుతుంది. కాని ఎవరూ చెప్పనందున బాటరీ చెడిందని దుకాణానికి పరుగెత్తినవారు ఉంటారు.

ఈ మూడింటినీ ఇన్‌స్టాలర్ ముందుగానే కనిపెట్టగలదు. బిట్‌లాకర్ విషయంలో ఉబుంటు ఇన్‌స్టాలర్ ఆగి చెప్పడం మంచి లక్షణం. మిగిలినవాటికీ అటువంటి శ్రద్ధ అవసరం.

కాపలాదారు పొరపాటు

రెండు సిస్టమ్‌ల ఏర్పాటు ఒకసారి కుదిరితే శాశ్వతంగా కుదిరినట్లే అనుకోవడం కూడా తప్పని 2024లో రుజువైంది. సెక్యూర్ బూట్ అంటే తెలిసిన సంతకం గల ప్రోగ్రాములనే యంత్రం వెలిగేటప్పుడు నడవనిచ్చే కాపలా. లినక్స్ ఈ కాపలాను దాటడానికి మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామును వాడుతుంది. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ సవరణ ఒకటి, లోపాలు గల పాత బూట్ ప్రోగ్రాములను నిషేధించే జాబితాను అమర్చింది. రెండు సిస్టమ్‌లు గల యంత్రాలకు ఇది వర్తించదని సంస్థ చెప్పింది. కాని కొన్ని యంత్రాలలో రెండవ సిస్టమ్ ఉన్నట్లు ఆ సవరణ గుర్తించలేకపోయింది. మరునాడు లినక్స్ ఎంచుకున్నవారికి భద్రతా విధానం ఉల్లంఘన అనే సందేశం వచ్చి యంత్రం ఆగిపోయింది. దీనికి పూర్తి పరిష్కారం 2025 మే నెల సవరణలతో గాని రాలేదు.

న్యాయంగా చూస్తే నిషేధం ఉద్దేశం మంచిదే. ఆ పాత ప్రోగ్రాములలో లోపాలు నిజంగా ఉన్నవి. లినక్స్ పంపిణీదారులలో కొందరు తమ ప్రోగ్రాములను వెంటనే మార్చకపోవడమూ కొంత కారణం. అయినా గుణపాఠం ఒకటి నిలిచింది. రెండు సిస్టమ్‌లకూ గుమ్మం ఒక్కటే. ఆ గుమ్మం మీద అధికారం ఇద్దరికీ సమానంగా లేదు. తెలిసినవానికి ఇటువంటి ఆటంకం ఒక గంట పని. ఇంట్లో ఒకే యంత్రం ఉండి, పరీక్ష ముందు రోజు అది ఆగిపోయిన విద్యార్థికి అది ఒక సంవత్సరపు నష్టం కావచ్చు.

వెనక్కు తీసుకోగల ప్రయోగం

ఇంతవరకు లోపాలు చెప్పడమైనది. మెచ్చుకోదగినదానిని కూడా అంతే గట్టిగా చెప్పవలెను. అది లైవ్ పద్ధతి. లినక్స్‌ను పెన్ డ్రైవ్‌లో ఉంచి, దాని నుండే యంత్రాన్ని వెలిగించి, డిస్కును తాకకుండానే వాడి చూడవచ్చును. 2000లో జర్మనీకి చెందిన క్లౌస్ నాపర్ తయారుచేసిన నాపిక్స్ ఈ పద్ధతికి ఎక్కువ ప్రచారం తెచ్చింది. అప్పుడు అది సీడీ మీద నడిచేది. ఈనాడు ఉబుంటు, మింట్ వంటి ప్రధాన రకాలన్నీ ఈ సౌకర్యంతోనే వస్తున్నవి.

దీని గొప్పతనం సాంకేతిక చమత్కారంలో లేదు. ప్రయోగం తరువాత వస్తువు పూర్వస్థితికి రావడంలో ఉన్నది. పెన్ డ్రైవ్ తీసి మళ్లీ వెలిగిస్తే విండోస్ ఎప్పటివలెనే ఉంటుంది. వైఫై పట్టుతున్నదా, ధ్వని వస్తున్నదా, టచ్‌పాడ్ కదులుతున్నదా, ప్రింటర్ పలుకుతున్నదా, వీడియో తడబడకుండా సాగుతున్నదా అనేవాటిని ఒక గంటలో పరీక్షించవచ్చును. పెన్ డ్రైవ్ నెమ్మది గనుక ప్రోగ్రాములు తెరుచుకోవడానికి పట్టే వ్యవధిని బట్టి మాత్రం తీర్పు చెప్పరాదు. మార్పులను పెన్ డ్రైవ్‌లోనే దాచుకునే పద్ధతి కూడా కలదు. పప్పీ వంటి చిన్న రకాలు దీనికి ప్రత్యేకించి అనువైనవి.

అయినా ఈ సౌకర్యాన్ని ఇన్‌స్టాలర్లు స్థాపనకు ముందు గదిగా మాత్రమే చూస్తున్నవి. ఇక్కడ ఏమేమి పరీక్షించాలన్న జాబితా ఇవ్వవు. పరీక్షలో ఏవి తప్పినవో చెప్పవు. స్థాపించు అనే గుర్తును మాత్రం తెర మీద ముందుగా పెట్టుతవి. వారం రోజులు ఇట్లాగే వాడి చూడండి అని ఒక్క వాక్యం అక్కడ ఉంటే ఎన్ని డిస్కులు బ్రతికేవో!

తెలుగులో పని

తెలుగు ఉపాధ్యాయునికి ఈ విషయంలో ప్రత్యేకమైన చిక్కు, ప్రత్యేకమైన సౌలభ్యం రెండూ ఉన్నవి. సౌలభ్యమేమంటే, 1991 నుండి యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు స్థానం ఉన్నది. ఆ పద్ధతిలో టైపు చేసిన పాఠం ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో కూడా నడుస్తుంది. పోతన, వేమన అనే పేర్లు గల ఉచిత ఫాంట్లు లినక్స్‌కు లభిస్తవి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక సిద్ధంగా ఉంటుంది. భారత ప్రభుత్వ సంస్థ సీ-డాక్ డెబియన్ ఆధారంగా రూపొందించి 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ భారతీయ భాషలలో పనిచేయడాన్నే లక్ష్యంగా పెట్టుకున్నది.

చిక్కు ఏమంటే, పాఠశాలలలో, ముద్రణశాలలలో పేరుకున్న తెలుగు పత్రాలు చాలా భాగం యూనికోడ్‌లో లేవు. అను వంటి పాత ఫాంట్లతో టైపు చేసిన ప్రశ్నపత్రంలో లోపల దాగి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు వేషం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే వేషం జారి అర్థంలేని అక్షరాల గుంపు కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌లో కూర్చిన పుటలు కొత్త చోట అదే రూపంలో తెరుచుకుంటవన్న నమ్మకం లేదు. పదేళ్ల ప్రశ్నపత్రాలు ఇట్లా ఉన్న ఉపాధ్యాయుడు విండోస్‌ను ఒక్కసారిగా తీసివేయలేడు. రెండవ సిస్టమ్‌ను పక్కన ఉంచుకోవడానికి ఆయనకు ఉన్న కారణం నిజమైనది. సలహా ఇచ్చేవారు ఈ ప్రశ్న అడగకుండా డిస్కు కొలత మాత్రమే అడగడం సరి కాదు.

తీర్పు

రెండవ సిస్టమ్ వేసుకున్నవారిలో కొందరు నెల తిరగకముందే మొదటిదానికే మళ్లుతారు. అలవాటు ఒకవైపు లాగుతుంది. ప్రతిసారి ఆపి వెలిగించడం విసుగు. అప్పుడు లినక్స్‌కు ఇచ్చిన 40 జీబీ తాళం వేసిన గదివలె పడి ఉంటుంది. చిన్న ఇంట్లో తాళం వేసిన గది పెద్ద నష్టం. కేరళలో 2001లో మొదలైన ఐటీ అట్ స్కూల్ కార్యక్రమం, 2017లో దాని స్థానంలో ఏర్పడిన కైట్ సంస్థ పాఠశాలలలో లినక్స్‌ను నిలపగలిగినవి. అక్కడ దానిని వేసి వదిలిపెట్టలేదు. పాఠ్యక్రమాన్ని, ఉపాధ్యాయుల శిక్షణను దానితో కలిపి నడిపారు. సాధనం నిలిచేది రోజూ చేసే పనితో ముడిపడినప్పుడే.

ఈ విచారణ వల్ల తేలేది ఇది. 32, 64 జీబీ నిల్వ గల యంత్రాలలో రెండవ సిస్టమ్ వద్దు. ఫైళ్లు వేరొక చోట భద్రపరచి ఒక్క లినక్స్‌నే ఉంచుకోవడమో, పెన్ డ్రైవ్ నుండి వాడుకోవడమో మేలు. 128 జీబీ, 4 జీబీ మెమరీ గల యంత్రంలో పాత పత్రాల కొరకు విండోస్ తప్పనిసరి అయినవారికి రెండవ సిస్టమ్ యోగ్యమే. అయితే రెండవదే క్రమంగా మొదటిది కావాలన్న సంకల్పం ఉండవలెను. సవరణలు ఆగిన విండోస్‌ను ఆ పత్రాలు తెరవడానికే పరిమితం చేసి, ఇంటర్నెట్ పనులు లినక్స్‌లో చేసుకోవలెను. తీసి మార్చదగిన హార్డ్ డిస్కు ఉన్న పాత లాప్‌టాప్‌కు అన్నిటికంటె మంచి మార్గం, కొత్త ఎస్ఎస్‌డీ వేసి దానిపై లినక్స్ స్థాపించి, పాత డిస్కును ఒక యూఎస్‌బీ పెట్టెలో పెట్టి అట్లాగే దాచడం. అప్పుడు కుదించడం లేదు, చెరపడం లేదు, పాతది పాతదిగానే ఉంటుంది.

ఏ మార్గమైనా క్రమం ఒక్కటే. ముందు సొంత ఫైళ్లకు నకలు తీసి, ఆ నకలు వేరొక యంత్రంలో తెరుచుకుంటున్నదో లేదో చూడడం; బిట్‌లాకర్ ఉంటే దాని సంఖ్యను కాగితం మీద రాసుకోవడం; ఫాస్ట్ స్టార్టప్‌ను తీసివేయడం; లైవ్ పద్ధతిలో వారం రోజులు పరీక్షించడం; ఆ తరువాతనే డిస్కు జోలికి పోవడం. పాఠశాల కంప్యూటరు గదిలో ఒక పెన్ డ్రైవ్‌తో ఈ లైవ్ పరీక్షను పిల్లలచేత చేయించడానికి ఒక పీరియడ్ చాలును. ఏ మెట్టు వరకు వెనక్కు రావచ్చునో, ఏ మెట్టు దాటితే రాలేమో వారే గుర్తించి నల్లబల్ల మీద రాయగలిగితే, వారు నేర్చినది ఒక్క లాప్‌టాప్‌కు సంబంధించినది మాత్రమే కాదు. ఆ మెట్టు ఎక్కడుందో చెప్పే బాధ్యత మాత్రం ఇన్‌స్టాలర్ తయారుచేసేవారిది. వారు దానిని ఇంకా పూర్తిగా నెరవేర్చవలసి ఉన్నది.